మిస్సమ్మ ఆడిన అబద్ధం

మా కాలేజీలో సోషియాలజీ మాస్టారు కూతురి పెళ్ళికని పది రోజులు సెలవు పెట్టారు. ప్రిన్సిపాలుగారు నన్ను పిలిచి, "అమ్మా, ఆ రెండో సంవత్సరం బి.ఏ. పిల్లలు వరండా ఎక్కి అల్లరి చేస్తున్నారు. ఆ గంట మీరు వెళ్ళి వూరికే కూర్చోండి చాలు" అన్నారు.

వూరికే కూర్చోవడం నాకు చేతగాని విద్య. అందుకని మాస్టారి బల్లమీద ఉన్న పాఠ్యపుస్తకం రాత్రి ఇంటికి పట్టుకుపోయాను. జరగవలసిన పాఠం పేరు "పని - అవకాశం". నేను చదివింది తెలుగు ఎమ్మే. వసుచరిత్రలో శ్లేషలైతే విడదీస్తాను గాని మాక్స్ వెబర్ పేరు వినడమే గాని ముఖం ఎరగను. పుస్తకంలో భాష చూస్తే మా ప్రబంధాలే నయమనిపించింది. రెండుసార్లు చదివాక ఒక సంగతి మాత్రం తట్టింది. ఈ మహానుభావులు చెబుతున్నదంతా నేను చిన్నప్పుడే ఎక్కడో చూశాను. ఎక్కడ? వంటింట్లో గిన్నెలు సర్దుతుండగా గుర్తొచ్చింది, "మిస్సమ్మ"లో!

మర్నాడు క్లాసులో, "మిస్సమ్మ ఎంతమంది చూశారు?" అని అడిగాను. సగానికి పైగా చేతులు లేచాయి. నాయనమ్మతో కలిసి టీవీలో చూసినవాళ్ళు కొందరు, ఫోనులో చూసినవాళ్ళు కొందరు. 1955 జనవరిలో విడుదలైన సినిమా. వీళ్ళ తాతలు అప్పటికి నిక్కర్లు తొడిగే వయసు. అయినా సావిత్రి పేరెత్తేసరికి వెనక బెంచీలు కూడా సర్దుకుని కూర్చున్నాయి.

కథ మీకు తెలిసిందే. రావు బి.ఏ. ప్యాసై ఉద్యోగం లేనివాడు. మేరీ కూడా బి.ఏ.నే, ఆమెకూ ఉద్యోగం లేదు. పైగా ఆమె తండ్రికి అప్పిచ్చిన డేవిడ్ గుమ్మం వదలడు. బాకీ అయినా తీర్చాలి, లేదా తనను పెళ్ళయినా చేసుకోవాలంటాడు. అట్లాంటి సమయంలో అప్పాపురం జమీందారు తన బడికి ఉపాధ్యాయులు కావాలని ప్రకటన వేయిస్తాడు. ఇద్దరూ పట్టభద్రులై ఉండాలి. అంతేకాదు, ఇద్దరూ భార్యాభర్తలై ఉండాలి. ముక్కూ ముఖం తెలియని రావూ మేరీ ఆ ఉద్యోగాల కోసం మొగుడూ పెళ్ళాలమని చెప్పి బండెక్కుతారు.

బెంగాలీలో రవీంద్రనాథ మైత్ర రాసిన "మానమయీ గర్ల్స్ స్కూల్" నాటకం ఈ కథకు ఒక ఆధారం. దాన్ని మన ఇంటి కథ చేసినవారు చక్రపాణిగారు. ఆయనది మా తెనాలి. శరత్‌బాబు నవలల్ని తెలుగులోకి తెచ్చిన చేయి అది. దర్శకుడు ఎల్వీ ప్రసాద్‌గారు. మనల్ని మూడు గంటలసేపు నవ్వించి ఇంటికి పంపిన సినిమా అది. ఆ నవ్వుల వెనక ఆకలి ఉందని నాకు ఇన్నాళ్ళూ తోచలేదు.

"ఆ ప్రకటనలో తప్పేమైనా ఉందా?" అని అడిగాను.

"బడికి మంచి పంతుళ్ళు కావాలనుకోవడంలో తప్పేముందండీ?" అన్నాడు ఒకబ్బాయి.

"మంచి పంతుళ్ళు కావాలనలేదురా, పెళ్ళయిన పంతుళ్ళు కావాలన్నాడు" అంది పక్కబెంచీ అమ్మాయి.

అదీ సంగతి. వెబర్ పోయాక 1922లో అచ్చయిన ఆయన పెద్ద పుస్తకంలో ఈ విషయమే ఉంది. అవకాశాలు కొద్దిగానూ, కావలసినవాళ్ళు ఎక్కువగానూ ఉన్నప్పుడు లోపలివాళ్ళు తలుపు మూసే ప్రయత్నం చేస్తారట. మూయడానికి ఒక గుర్తు కావాలి గదా? అది మతం కావచ్చు, భాష కావచ్చు, పుట్టిన వూరు కావచ్చు, వంశం కావచ్చు. చేయవలసిన పనికీ ఆ గుర్తుకూ సంబంధం ఉండనక్కరలేదు. పైకి కనిపించి, ఎవరు లోపల, ఎవరు బయట అని గీత గీయడానికి పనికొస్తే చాలు. జమీందారు గోపాలంగారు దుర్మార్గుడు కాడు. ఎస్వీ రంగారావు వేసిన ఆ పాత్రను చూస్తే మనకే అట్లాంటి మామగారుంటే బాగుండుననిపిస్తుంది. తలుపులు మూసేవాళ్ళకు కోరలుంటాయనుకోవడం మన పొరపాటు. చాలాసార్లు వాళ్ళు మజ్జిగ ఇచ్చి మర్యాద చేసి మరీ మూస్తారు.

ఇక రెండో ఆయన రాబర్ట్ మెర్టన్. అమెరికావాడు. 1938లో ఒక వ్యాసం రాశాడు. లోకం అందరికీ ఒకే గమ్యం చూపిస్తుంది: చదువుకో, సంపాదించు, నలుగురిలో నిలబడు. అక్కడికి వెళ్ళే రాజమార్గం మాత్రం అందరికీ తెరిచి ఉండదు. అప్పుడు మనుషులు రకరకాలుగా సర్దుకుంటారు. కొందరు గమ్యం వదలరు, సందులోంచి అడ్డదారి వెతుక్కుంటారు. కొందరు గమ్యాన్నీ దారినీ కూడా వదిలేసి పక్కకు తప్పుకుంటారు.

"అడ్డదారి రావూ మేరీలది. తప్పుకున్నవాడు రేలంగి!" అన్నారు పిల్లలు. దేవయ్యను వాళ్ళు రేలంగి అనే అంటారు. మనమూ అంతే గదా!

దేవయ్య పేరెత్తేసరికి క్లాసులో వాదం లేచింది. అడుక్కోవడం పని కాదని ఒకడు. ఎందుకు కాదు, వీధులన్నీ తిరగాలి, మాటలు కల్పించాలి, పాట కట్టాలి, నవ్వించాలి, అది పని కాకపోతే మరేవిటని ఇంకొకడు.

"జీతం లేనిది పనెట్లా అవుతుందిరా?" అన్నాడు మొదటివాడు.

"మా అమ్మకూ జీతం లేదు" అంది కిటికీ దగ్గర కూర్చున్న అమ్మాయి.

క్లాసు ఒక్క నిమిషం చప్పుడు చేయలేదు. నేను రాత్రంతా చదివి కూర్చుకున్న మాటల్లో ఒక్కటీ ఆ మాటకు దీటు రాలేదు.

ఆ మాట పట్టుకుని నాగేశ్వరరావు వేసిన రాజు దగ్గరికి వెళ్ళాం. ఆయనగారు జమీందారు మేనల్లుడు. డిటెక్టివునంటూ భూతద్దం పట్టుకు తిరుగుతాడు. ఆ ఉద్యోగం ఆయనకు ఎవరిచ్చారు? ఎవరూ ఇవ్వలేదు. ఏ పరీక్ష ప్యాసయ్యాడని ఎవరైనా అడిగారా? అడగలేదు. మామయ్య ఇంట్లో మంచమూ కంచమూ ఉన్నవాడికి పని సరదా. మేరీకి పని నెలనెలా తీరవలసిన బాకీ. డిగ్రీ చేతిలో ఉన్నవాళ్ళేమో అబద్ధమాడితేగాని అదే ఇంటి గడప తొక్కలేకపోయారు. అవకాశం అంటే తెలివి ఒక్కటే కాదు, ఎక్కడ నిలబడి మొదలుపెట్టామన్నది కూడానని చెప్పడానికి ఇంతకంటె మంచి ఉదాహరణ నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు.

తెర వెనక జరిగిందీ అట్లాంటిదే. మేరీ పాత్రకు ముందు అనుకున్నది భానుమతిగారిని. నిర్మాతలకూ ఆవిడకూ మాట తేడా వచ్చి ఆవిడ తప్పుకున్నారు. రెండో పాత్రకు అనుకున్న సావిత్రికి మేరీ దక్కింది. సావిత్రి వదిలిన సీత పాత్ర జమునకు దక్కింది. 1951లో "పాతాళభైరవి"లో ఒక పాటకు నాట్యం చేసి వెళ్ళిపోయిన పిల్ల నాలుగేళ్ళకు తెలుగువారి మహానటి అయింది. ఆమెలో ప్రతిభ మధ్యలో పుట్టుకొచ్చింది కాదు, ముందునించీ ఉన్నదే. తలుపు తెరుచుకోవడమే కొత్త. అట్లా తెరుచుకోక, ఎవరికీ కనిపించకుండా పోయిన సావిత్రులు ఎందరో!

మూడో ఆయన గోఫ్‌మన్. 1956లో మొదటిసారి అచ్చయిన ఆయన పుస్తకం మనిషి రోజువారీ బతుకంతా నాటకశాల అంటుంది. నలుగురి ముందు ఒక రంగస్థలం, తలుపు వేసుకున్నాక ఒక తెరచాటు. అప్పాపురంలో ఆ ఇల్లు చూడండి. గుమ్మం బయట "ఏమండీ", గుమ్మం లోపల కీచులాట! జీతం పాఠాలు చెప్పినందుకే ఇచ్చారు. మేరీ చేసిన అసలు చాకిరీ మాత్రం పాఠం కాదు, నటన. లేని భర్తను ఉన్నట్టు చూపాలి. తనది కాని ఆచారాన్ని తనదన్నట్టు ఉండాలి. ఆ దంపతులు కన్నకూతురిలా చూసుకుంటుంటే పైకి చిరాకు కనపడనివ్వకూడదు. ఈ చాకిరీ ప్రకటనలో రాయలేదు, రసీదులో ఎక్కలేదు.

ఇంత చెప్పి, గంట మోగేలోపల చివరి ముక్క కూడా చెప్పేద్దామనుకున్నాను. అంతలో చివరి బెంచీలోంచి ఒకమ్మాయి లేచింది. ఎప్పుడూ మాట్లాడని పిల్ల.

"మేడమ్, సినిమాలో అబద్ధం బయటపడితే జమీందారు మనసు కరిగింది. బయట ఎవరికి కరుగుతుంది మేడమ్?" అంది.

గంట మోగింది. నేను బతికిపోయాననుకున్నాను.

బతకలేదు. మధ్యాహ్నం ఆ పిల్ల స్టాఫు రూముకు వచ్చింది. చేతిలో ఒక దరఖాస్తు. ఒక రెసిడెన్షియల్ స్కూల్లో హాస్టలు పిల్లల్ని చూసుకునే ఉద్యోగం. సాయంత్రం చదివించాలి, రాత్రి అక్కడే ఉండాలి. జీతం బాగానే ఉంది. దూరవిద్యలో డిగ్రీ పూర్తిచేసుకోవచ్చు. "అవివాహితులు మాత్రమే" అని అడుగున చిన్న అక్షరాలు. ఈ పిల్లకు ఇంటర్ అవగానే పెళ్ళి చేశారు. భర్త ప్రమాదంలో కాలు విరిగి ఆరు నెలలుగా మంచంమీద ఉన్నాడు. కాలేజీలో సగం మందికి ఈ సంగతి తెలియదు. మెడలో నల్లపూసలు చున్నీ కింద దాచుకుని వస్తుంది.

"మిస్సమ్మ పెళ్ళి కాకపోయినా అయిందని రాసింది. నేను అయినా కాలేదని రాస్తే తప్పా మేడమ్?"

మీరే చెప్పండి, ఏం చెప్పను? నీతిశతకాలు నోటికి వచ్చు. "అబద్ధమాడరాదు తల్లీ" అని పంపేస్తే నన్ను ఎవరూ తప్పు పట్టరు. అయితే ఆ మాట అనడానికి నా నోరు రాలేదు. ఎందుకు రాలేదో ఇరవయ్యేళ్ళకు పైగా ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు చెబుతాను.

2004 జూన్. నాకు పెళ్ళయి నాలుగు నెలలు. మావారు పనిచేసే చిన్న కంపెనీ మూతపడింది. ఇంట్లో బియ్యం డబ్బా అడుగు కనిపిస్తోంది. ఒక జూనియర్ కాలేజీ వారు ఆడపిల్లల హాస్టల్లో ఉండి తెలుగు చెప్పేందుకు మనిషి కావాలన్నారు. వాళ్ళదీ అదే షరతు, పెళ్ళి కానివాళ్ళే కావాలి. పెళ్ళయినవాళ్ళు సెలవులు పెడతారు, కడుపుతో ఉంటారు, మనసు ఇంటిమీద ఉంటుందని వాళ్ళ లెక్క. నేను పుస్తె జాకెట్టులోపలికి తోసుకున్నాను. మెట్టెలు తీసి కుంకుమభరిణెలో పెట్టి మూత బిగించాను. దరఖాస్తులో "కుమారి" అని రాశాను. కలం ఆగలేదు, ఆకలికి సంకోచం ఉండదు.

మావారు ఆదివారాలు చూడ్డానికి వచ్చేవారు. గేటు దగ్గర పుస్తకంలో వచ్చినవారి పేరూ, బంధుత్వమూ రాయాలి. అన్నయ్య అని రాయడానికి ఆయన చెయ్యి రాదు గదా! మొదటి వారం చాలాసేపు ఆలోచించి "బావ" అని రాశారు. అబద్ధం కాదు, నిజమూ కాదు. ఆయన తెలివికి నేను లోపల్లోపల మురిసిపోయాను. వార్డెనమ్మ మాత్రం ఆ మాట చదివి, "తండ్రికీ అన్నదమ్ములకీ తప్ప లోపలికి ప్రవేశం లేదు" అంది. దాంతో కట్టుకున్న మొగుడూ నేనూ పది నెలలు గేటుకు అటూ ఇటూ నిలబడి మాట్లాడుకున్నాం. ఆయన తెచ్చిన జంతికల పొట్లం కమ్మీల సందులోంచి అందుకునేదాన్ని.

ఆ పది నెలలూ నేను రెండు ఉద్యోగాలు చేశాను. ఒకటి తెలుగు చెప్పడం, రెండోది కుమారిగా ఉండడం. తోటి లెక్చరర్లు సంబంధాలు చూస్తామంటే సిగ్గు నటించాలి. స్నానాల గది గడియ రెండుసార్లు చూసుకోవాలి. మొదటి ఉద్యోగం అలసట నిద్రతో పోయేది. రెండోదాని అలసట నిద్రలో కూడా పోయేది కాదు. గోఫ్‌మన్ పుస్తకం నాకు అంత తేలిగ్గా ఎందుకు అర్థమైందో ఇప్పుడు మీకు తెలిసింది గదా!

పదో నెలలో వాంతులు మొదలయ్యాయి. ఇక దాచడానికి లేదు. యాజమాన్యం వారు పిలిచి, మోసం చేశావన్నారు. నిజమే, చేశాను. ఆ నెల జీతం లెక్కకట్టి ఇచ్చారు గాని అనుభవ పత్రం ఇవ్వమన్నారు. "కుమారి పేరుమీద ఉన్న మనిషి మా దగ్గర పనిచేసింది. మీరు ఆవిడ కారు గదా!" అని నవ్వారు. నా జీవితంలో ఒక ఏడాది పని అట్లా ఏ కాగితంమీదా లేకుండా చెరిగిపోయింది. ఆ తరువాత పరీక్షలు రాసి, ఇంటర్వ్యూలకు తిరిగి, ఇన్నేళ్ళకు ఈ కుర్చీలో కూర్చున్నాను.

ఇది నా ఒక్కదాని గోడు కాదని తరువాత చదివి తెలుసుకున్నాను. మన దేశపు విదేశాంగ సర్వీసులోనే స్త్రీ అధికారి పెళ్ళాడాలంటే ప్రభుత్వం రాతపూర్వకంగా అనుమతించాలని నిబంధన ఉండేది. ఆ సర్వీసులో చేరిన మొట్టమొదటి స్త్రీ ముత్తమ్మగారు కోర్టుకెక్కితే, 1979లో సుప్రీంకోర్టు జస్టిస్ కృష్ణయ్యర్‌గారు ఇదేం వివక్ష అని గట్టిగా మందలించారు. విమానాల్లో పనిచేసే హోస్టెస్‌లను మొదటి కడుపుతోనే ఇంటికి పంపే నిబంధనను 1981లో అదే కోర్టు కొట్టివేసింది. చేరిన నాలుగేళ్ళలోపల పెళ్ళి కూడదన్న షరతును మాత్రం సబబేనంది. మొన్న 2024లో తమిళనాడులో ఒక ఫోన్ల కర్మాగారం పెళ్ళయిన ఆడవాళ్ళను తీసుకోవడం లేదని వార్తలొచ్చి, కేంద్రప్రభుత్వం ఆ రాష్ట్ర కార్మికశాఖను నివేదిక అడిగింది. జమీందారుగారికి పెళ్ళయినవాళ్ళు కావాలి, వీరికి కానివాళ్ళు కావాలి. గుర్తు మారింది గాని తలుపు మారలేదు.

ఇదంతా ఆ పిల్లకు చెప్పాను. క్లాసులో చెప్పకుండా మిగిలిపోయిన చివరి ముక్క కూడా చెప్పాను.

రాల్ఫ్ లింటన్ అనే ఆయన 1936లో మనిషి అంతస్తును రెండు విధాలుగా విడదీశాడు. ఒకటి పుట్టుకతో వచ్చేది, ఇంకొకటి తాను సంపాదించుకునేది. మేరీ సంపాదించుకున్నది బి.ఏ. డిగ్రీ. అది ఆమెకు ఉద్యోగం తేలేదు. సినిమా చివర ఆమె కష్టాలు తీర్చిందేమిటి? కాలిమీద పుట్టుమచ్చ! మేరీయే చిన్నప్పుడు తప్పిపోయిన జమీందారు పెద్దకూతురు మహాలక్ష్మి అని తేలుతుంది. ఏ ఇంట్లో ఉద్యోగానికి అబద్ధమాడిందో ఆ ఇల్లే ఆమెదవుతుంది. మనమంతా కళ్ళు తుడుచుకుని చప్పట్లు కొట్టాం. నేనూ కొట్టాను. కాని పుట్టుమచ్చ లేని మేరీ సంగతేమిటి? ఆ రోజు నిజంగానే పాల్‌గారి కూతురైన మేరీ అయితే ఏమయ్యేది? బండెక్కి ఇంటికి వెళ్ళేది. గుమ్మంలో డేవిడ్ ఉండేవాడు.

"మనకు పుట్టుమచ్చలు లేవమ్మా" అన్నాను. "కుమారి అని రాస్తే నీకు ఏం జరగవచ్చో చెప్పాను. శ్రీమతి అని రాస్తే ఉద్యోగం రాకపోవచ్చు. రెంటిలోనూ నష్టం నీకే. నిజం రాయమని చెప్పడం నాకు సులువు. ఒకటో తారీఖు జీతం వచ్చేవాళ్ళకు నిజం చవక. అందుకని ఇట్లా చెయ్యమని చెప్పను. కాని ఏది చేసినా తప్పు నీ ఒక్కదానిదే అనుకోకు. ఆ షరతు రాసినవాళ్ళకూ అందులో వాటా ఉంది."

ఆ పిల్ల కాసేపు బల్లమీద గీతలు చూస్తూ కూర్చుంది. తరువాత నా కలం అడిగి తీసుకుని, ఖాళీగా ఉన్న గడిలో "వివాహిత" అని రాసింది. కింద నా చేత ఒక కాగితం రాయించుకుంది: ఈమె మూడేళ్ళుగా మా వీధి పిల్లలకు ట్యూషన్ చెబుతోంది, పదో తరగతి తప్పినవాళ్ళను కూర్చోబెట్టి ప్యాస్ చేయించింది అని. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. అది రాసి సంతకం పెడుతుంటే ఆనాడు నాకు దక్కని కాగితం ఇదే కదా అనిపించింది.

ఆ స్కూలు వాళ్ళు పిలవలేదు. నెల దాటింది. ఆ పిల్ల ఇప్పుడు ట్యూషన్లు రెండు పూటలా చెబుతోంది. పోటీ పరీక్షలకు నా దగ్గర వ్యాకరణం చదువుకుంటోంది. ఎదురుపడినప్పుడల్లా నాకే తల వంగుతుంది. నేను చెప్పినందుకే ఉద్యోగం పోయిందేమోనని. ఆ పిల్ల మాత్రం మామూలుగా నవ్వుతుంది.

అయితే ఆ రోజు దరఖాస్తు మడిచి సంచిలో పెట్టుకుని గుమ్మందాకా వెళ్ళినదల్లా వెనక్కు తిరిగి ఒక మాట అడిగింది.

"మేడమ్, ఆ పది నెలలూ మీరు పాఠాలు బాగా చెప్పారా?"

నాకు చప్పున సమాధానం రాలేదు. మిస్సమ్మ సినిమాలో మేరీ ఎవరి భార్య, ఎవరి బిడ్డ అని అందరూ వెతికారు. డిటెక్టివు కూడా భూతద్దం పెట్టి అదే వెతికాడు. ఆవిడ బడిలో పాఠాలు ఎట్లా చెప్పిందని ఎవరైనా అడిగారా? నన్నూ పెళ్ళయిందా, పిల్లలెందరు, కుమారివా, శ్రీమతివా అని అడిగినవాళ్ళే గాని, ఈ ప్రశ్న ఇరవయ్యేళ్ళలో ఒక్కరూ అడగలేదు.

"బాగానే చెప్పానమ్మా" అన్నాను. "చాలా బాగా చెప్పాను."